కౌన్సిల్ తరఫున

జూలై 2, బుధవారం

పేరు ఇచ్చేశాను. స్టూడెంట్ కౌన్సిల్ ప్రెసిడెంట్ ఎన్నికలకు.

ఐడియా నాది కాదు, నిదాది. నిదా వాళ్లు మా పక్క బ్లాక్‌లో ఉంటారు. వాళ్ల నాన్న ఖాలిక్ అంకుల్, అమ్మ బిల్కీస్ ఆంటీలది హైదరాబాద్ మెహదీపట్నం. నిదా మాత్రం ఇక్కడే పుట్టింది. మూడేళ్ల కిందట మేం నల్గొండ నుంచి సింగపూర్‌లో ఈ జురాంగ్ వెస్ట్‌కు వచ్చిన వారం, కొత్త యూనిఫామ్ వేసుకుని బస్ స్టాప్‌లో ఏడుపు ఆపుకుంటున్నాను. అమ్మ నాకు ధైర్యం చెబుతోంది. అదే యూనిఫామ్‌లో ఉన్న ఒక అమ్మాయి మా మాటలు విని దగ్గరకొచ్చి, "ఆంటీ, మీరు మనోళ్లేనా?" అంది. అప్పటి నుంచి ఒకే బస్సు, ఒకే సీటు. ఇప్పుడిద్దరం సెకండరీ త్రీ, అంటే మన తొమ్మిదో తరగతి.

నేను నిలబడితే పోస్టర్లన్నీ తనే వేస్తానంది. నాకు మాట్లాడటం వచ్చు గానీ వచ్చని తెలియదని అంది.

ఈ డైరీ తెలుగులో రాయడానికి ఒకటే కారణం. స్కూల్లో ఎవరూ చదవలేరు. నిదాకు మాట్లాడటం వచ్చు గానీ అక్షరాలు రావు. కాబట్టి ఇక్కడ నిజం రాసుకోవచ్చు. నిజం ఏమిటంటే, నాకు గెలవాలని ఉంది. చాలా.

జూలై 4, శుక్రవారం

స్పీచ్ అయిపోయింది.

"డెవలప్‌మెంట్" అన్న మాటను నేను పలికిన తీరుకు వెనక వరసల్లో నవ్వారు. నవ్వగానే కాగితంలో తర్వాతి లైను ఎక్కడుందో కనిపించలేదు. హాలంతా నన్నే చూస్తోంది. కాగితం మడిచేసి, నోటికొచ్చింది చెప్పేశాను. మీ గురించి ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు మిమ్మల్ని అడగాలని స్కూలుకు చెబుతాను, ఒకవేళ అడగకపోతే, అడగలేదన్న సంగతైనా మీకు చెబుతాను అన్నాను.

చప్పట్లు బాగానే కొట్టారు. నిదా మాత్రం రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఆడించింది. సైన్ లాంగ్వేజ్‌లో చప్పట్లంటే అవేనట. నిదా సైన్ లాంగ్వేజ్ క్లబ్ లీడర్. దాని పక్కన కూర్చున్న జియా హుయి కూడా అలాగే చేసింది. జియా హుయికి వినపడదు. హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటే కొంచెం చప్పుడు తెలుస్తుందట, మాటలు మాత్రం పెదాలు చూసి పట్టుకుంటుంది. అంత దూరం నుంచి నా పెదాలు ఏం కనిపించి ఉంటాయి?

జూలై 9, బుధవారం

గెలిచాను.

జూలై 9, సాయంత్రం

అమ్మ సేమ్యా పాయసం చేసింది. నాన్న ఆఫీసు దగ్గర రాఫెల్స్ ప్లేస్‌లో ట్రైన్ ఎక్కకముందే ఫోన్ చేసి, "మేడమ్ ప్రెసిడెంట్ గారున్నరా?" అని అడిగారు. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌తో రోజంతా కుస్తీ పట్టే మనిషి. ఆయన గొంతులో అంత హుషారు విని చాలా రోజులైంది.

రెండో స్థానంలో వచ్చిన జున్ కై వైస్ ప్రెసిడెంట్. ఓడిపోయానన్న బాధేమీ కనిపించలేదు. చెయ్యి కలిపి, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా'తో, "కంగ్రాట్స్ లా. ఇప్పుడు అందరూ నిన్నే తిడతారు, నన్ను కాదు" అన్నాడు.

జూలై 15, మంగళవారం

వైస్ ప్రిన్సిపల్ మిసెస్ చువా తన గదికి పిలిచారు. కుర్చీ చూపించి, ముందు తిన్నావా అని అడిగారు. మంచావిడ. అది కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు నాకు ఆవిడ మీద కోపంగా ఉంది.

విషయం ఇది. మూడు చిన్న క్లబ్బులు మూసేస్తారు. చెస్, మట్టి పాత్రలు చేసే పాటరీ, సైన్ లాంగ్వేజ్. క్లాసులయ్యాక ప్రతి క్లబ్బుకూ ఒక టీచర్ ఉండి తీరాలి. ఈ ఏడాది టీచర్లు తగ్గారు. ఉన్నవాళ్లే రెండు రెండు క్లబ్బులు చూసుకుంటూ జబ్బు పడుతున్నారు. పిడికెడు మంది కోసం ఒక టీచర్ని ఆపి ఉంచలేమని చెప్పారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఆవిడ కళ్ల కింద నల్లటి చారలు కనిపించాయి.

తర్వాత ఒక కాగితం ఇచ్చారు. పై వారం శుక్రవారం అసెంబ్లీలో నేను చదవాలి. టీచర్లు చెబితే పిల్లలు బాధపడతారు, తోటి పిల్లలు చెబితే అర్థం చేసుకుంటారని ఆవిడ ఉద్దేశం. అప్పటిదాకా కౌన్సిల్ దాటి బయటకు పోకూడదన్నారు.

"విద్యార్థుల అభిప్రాయాలను పరిగణించి, కౌన్సిల్ నిర్ణయించింది" అని ఉంది అందులో. కౌన్సిల్ ఇంకా ఒక్కసారి కూడా కూర్చోలేదు.

నేనేమన్నాను? "యెస్, మిసెస్ చువా" అన్నాను.

బస్సులో నిదా పక్కనే కూర్చున్నాను. సైన్స్ టెస్ట్ గురించి మాట్లాడుకున్నాం.

జూలై 16, బుధవారం

నిదా ఈ రోజు నన్ను క్లబ్బుకు లాక్కెళ్లింది. ప్రెసిడెంట్‌వి కదా, ఒక్కసారైనా చూడాలి అంది. తప్పించుకోవడానికి ఏ సాకూ దొరకలేదు.

లైబ్రరీ పక్కన చిన్న గది. నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. అస్సలు కాదు. కుర్చీలు జరుగుతున్నాయి, ఒకరి దృష్టి తమ వైపు తిప్పుకోవడానికి ఇంకొకరు బల్ల మీద దబదబా కొడుతున్నారు, పగలబడి నవ్వుతున్నారు. మాటలు మాత్రం లేవు. నాతో కలిపి పది మంది కూడా లేం.

మధ్యలో జియా హుయి. క్లాసులో ఆ అమ్మాయి ఎప్పుడూ సపోర్ట్ టీచర్ పక్కన ముందు బల్ల మీద, తల కొంచెం వంచి, అందరి మొహాలూ వెతుకుతూ ఉంటుంది. ఇక్కడ మనిషే వేరు. నిలబడి ఏదో కథ చెబుతోంది. కేంటీన్ ఆంటీలా నడిచి చూపించింది, ప్రిన్సిపల్‌లా టై సర్దుకుంది. చేతులు ఎంత వేగంగా కదిలాయంటే నాకు కళ్లు తిరిగాయి. అందరూ ఒక్కసారిగా నవ్వారు. అందరినీ చూసి నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

అది తను చూసింది. దగ్గరకొచ్చి ఫోన్‌లో ఇంగ్లిష్‌లో టైప్ చేసి చూపించింది. నా రీసెస్ బ్రేక్ రోజూ ఇలాగే ఉంటుంది, నీకు ఇప్పుడు అర్థమైందా అని. కోపంగా కాదు. కన్ను కొట్టింది కూడా.

సెకండరీ వన్‌లో టీచర్ నిదానూ జియా హుయినీ పక్కపక్కన కూర్చోబెట్టిందట. ఒక నెలంతా కాగితాల మీద రాసుకుని మాట్లాడుకున్నారట. చివరికి నిదాకు విసుగొచ్చి, నీ భాష నాకు నేర్పు అందట. క్లబ్ అలా మొదలైంది.

నేను తలూపుతూ విన్నాను. కాగితం నా బ్యాగులోనే ఉంది.

జూలై 18, శుక్రవారం

ఈ రోజు కూడా నిదాకు చెప్పలేదు.

జూలై 21, సోమవారం

కౌన్సిల్ మీటింగ్. నేను పెట్టిన మొదటి మీటింగ్. కాగితం అందరికీ చదివి వినిపించి, ఇది మన నిర్ణయం కాదు కదా, మనదని ఎలా చదువుతాం అని అడిగాను.

జున్ కై నిదానంగా మాట్లాడాడు. చదివినా చదవకపోయినా క్లబ్బులు ఎలాగూ పోతాయి, చదవకపోతే స్కూలు ఇంకెప్పుడూ మనల్ని ఏదీ నమ్మి చెప్పదు, అప్పుడు కౌన్సిల్ ఉండీ లేనట్టే అన్నాడు. "ఐయా, ఎవరో ఒకరు చదవాల్సిందే కదా. జస్ట్ రీడ్ లా."

ఓటు పెట్టాను. చదవాలని ఎక్కువమంది చేతులెత్తారు. జున్ కై చెప్పినదాంట్లో అబద్ధం ఏదో పట్టుకుందామని బస్సులో దారంతా వెతికాను. దొరకలేదు.

జూలై 22, మంగళవారం

రీసెస్ అయ్యేసరికి అందరికీ తెలిసిపోయింది. కౌన్సిల్‌లో ఎవరో చెస్ క్లబ్బులో ఉన్న తమ్ముడికి చెప్పారు, వాడు ఊరంతా చెప్పాడు.

బస్ స్టాప్‌లో నిదా నా కోసం ఆగి ఉంది. తిడుతుందనుకున్నాను.

"నీకెప్పుడు తెలుసు?" అంది.

"పోయిన మంగళవారం."

"అంటే బుధవారం మా రూంల కూర్చున్నప్పుడు నీకు తెలుసు."

నేను బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాను.

"కూర్చున్నవ్. నవ్వినవ్. జియా హుయి నీకు ముందుగల్ల కుర్చీ వేసింది."

మా బస్సు వచ్చింది. నేను ఎక్కాను. తను ఎక్కలేదు.

జూలై 23, బుధవారం

నిదా వాళ్లింటికి వెళ్లాను. బిల్కీస్ ఆంటీ తలుపు తీసి, ఎప్పటిలాగే, "ఆజా బేటా, తిన్నవా?" అంది. ఖుబానీ కా మీఠా గిన్నెలో వేసి ముందు పెట్టింది. నిదా గది తలుపు మూసే ఉంది. లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నేను సగం కూడా తినలేకపోయాను. ఆంటీ నా పక్కన కూర్చుని, ఆ చీనా పిల్ల ఇంటికొస్తే ఈ హాల్లో ఎంత గోల అవుతుందో చెప్పింది. తనకు కూడా నాలుగు సైన్లు నేర్పారట. చాయ్ కావాలా, చాలా, ఇంకా కావాలా, పోయి చదువుకోండి.

వెళ్లేటప్పుడు అంది. "అది కోపంగుంది. ఉండనీ. కోపం పోయినాక వస్తది. కానీ నువ్వు చేసేదేందో నువ్వు చెయ్. దాని కోపం పోవాలని మాత్రం చెయ్యకు బేటా."

ఆంటీ అన్న ఆ మాట గురించే ఆలోచిస్తున్నాను.

జూలై 24, గురువారం

అన్నం దగ్గర అమ్మకూ నాన్నకూ మొత్తం చెప్పేశాను. కాగితం చదవనని కూడా చెప్పాను.

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మనం వీళ్ల దేశంల వర్క్ పాస్ మీద ఉన్నం బిడ్డా. పర్మనెంట్‌గ ఉండనిచ్చే పీఆర్‌కు పెట్టుకొని ఎదురు జూస్తున్నం. ఇప్పుడు స్కూల్ల లొల్లి అవసరమా? చదివి దిగిరా. రెండు నిమిషాల పని."

స్కూలుకూ పీఆర్‌కూ సంబంధం లేదని నేనన్నాను. లేదని నీకెవరు చెప్పారని నాన్న అడిగారు. నాన్న భయపడటం నేనెప్పుడూ చూడలేదు. ఈ రోజు చూశాను. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

అమ్మ అంతసేపూ పచ్చిపులుసు వడ్డిస్తూనే ఉంది. చివరికి, "చదివేది ఎవరి నోటితోని? దాని నోటితోనే గదా. మీరు గానీ నేను గానీ పోయి చదువుతమా?" అంది నాన్నతో. నల్గొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేసినప్పుడు క్లాసులో వాడిన గొంతు అది. ఇక్కడికొచ్చాక నేను వినలేదు.

నాన్న చెయ్యి కడుక్కుని కిందకు నడవడానికి వెళ్లారు. తిరిగొచ్చాక నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికెళ్లిపోయారు. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు.

జూలై 25, శుక్రవారం

పొద్దున్నే జున్ కైకి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అసెంబ్లీ స్క్రీన్ చూసుకునేది వాడే. నేను చెప్పబోయేదంతా, మాట మాట, స్లయిడ్ల మీద రాసి పెట్టాను. జియా హుయికి అసెంబ్లీలో ఏం జరిగిందో ఎప్పుడూ తర్వాత ఎవరో ఒకరు చెప్పాలి. ఇది మాత్రం ఎవరో చెబితే తెలియకూడదనిపించింది.

వాడు మొత్తం చదివాడు. "శ్యూర్ ఆర్ నాట్?" అన్నాడు. శ్యూర్ అన్నాను. "నాకిది నచ్చలేదు. నాకు నచ్చలేదని గుర్తుపెట్టుకో" అని చెప్పి, కంప్యూటర్‌కు పెట్టాడు.

స్టేజీ మీద ఇలా చెప్పాను. మూడు క్లబ్బులు మూసేయాలని స్కూలు అనుకుంటోంది. టీచర్లు చాలడం లేదు. అది నిజమైన కష్టమే. ఇది కౌన్సిల్ నిర్ణయమని నేను చదవాలి. కౌన్సిల్‌కు ముందే తయారైన నిర్ణయం చేతికొచ్చింది. దాన్ని చదవాలా వద్దా అని మేం ఓటు వేశాం. చదవాలని ఎక్కువమంది అన్నారు. నేను వద్దన్నాను. మిమ్మల్ని అడగకపోతే అడగలేదని చెబుతానని మాటిచ్చాను. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మూసేసే ముందు ఆ మూడు క్లబ్బుల వాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడమని మిసెస్ చువాను అడుగుతున్నాను. అంతే.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మంచిదే అయింది, కొట్టి ఉంటే నేనక్కడే ఏడ్చేదాన్ని.

జియా హుయి స్క్రీన్ చూస్తోంది. అందరూ ఒక లైను దగ్గర ఉన్నప్పుడు తనూ అదే లైను దగ్గర ఉంది. ఆఖరి స్లయిడ్ అయ్యాక తల తిప్పి నిదాను చూసింది. నిదా నన్ను చూడలేదు. నేల చూస్తోంది.

జూలై 28, సోమవారం

మిసెస్ చువా అరవలేదు. అరిస్తే బాగుండేది.

నువ్వు ఒప్పుకోకపోవడం నాకు బాధ కాదు అన్నారు. నా గది తలుపు నీకు వారమంతా తెరిచే ఉంది, ఒక్కసారి వచ్చి "నేను చదవలేను" అని నాతో ఎందుకు అనలేకపోయావు, నేను అంత భయంకరంగా ఉంటానా అని అడిగారు.

అది నిజం. "యెస్, మిసెస్ చువా" అన్న రోజే నో అని ఉండొచ్చు. అనలేదు. సారీ చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. అయినా మళ్లీ చదవమంటే చదవను.

నాన్నకు ఫోన్ చేస్తామన్నారు.

జూలై 30, బుధవారం

నాన్న సెలవు పెట్టి వచ్చారు. ఇంటర్వ్యూకు వేసుకునే చొక్కా వేసుకున్నారు. అమ్మ రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

మిసెస్ చువా జరిగింది జరిగినట్టే చెప్పారు, ఏదీ పెంచకుండా. నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నారు. ముందు మీ దగ్గరకు రావలసింది, రాలేదు, దానికి నేను క్షమాపణ చెబుతున్నాను అన్నారు ఇంగ్లిష్‌లో. నేను తల వంచుకున్నాను. తర్వాత, ఆ రోజు మా అమ్మాయి స్టేజీ మీద ఏదైనా అబద్ధం చెప్పిందా మేడమ్ అని అడిగారు.

లేదు అన్నారావిడ. అదే ఇబ్బంది, మిస్టర్ రావు అని కూడా అన్నారు. నవ్వారో లేదో నాకు సరిగ్గా తెలియలేదు.

తిరిగి వస్తూ తిండి స్టాళ్లుండే హాకర్ సెంటర్‌లో ఆగాం. నాన్న నాకు మన ఐస్ గోలా లాంటి ఐస్ కచాంగ్ కొనిపెట్టి, తను కాఫీ తాగారు. కప్పు పక్కన పెట్టి, "నేనైతే చదివేస్తుంటి" అన్నారు. నేను తలెత్తాను. "నిజం చెప్తున్న. నేనైతే చదివేసి, ఇంటికొచ్చి, అన్నం తిని పడుకుంటుంటి. తిను, కరిగిపోతున్నది."

ఆగస్టు 4, సోమవారం

కౌన్సిల్ మీటింగ్. సెకండరీ టూ పిల్ల ఒకతి లేచి అడిగింది. మిమ్మల్ని అడగలేదని స్కూలు మీద చెప్పావు బాగానే ఉంది, మరి మేమేసిన ఓటు సంగతేమిటి, మమ్మల్ని మాత్రం నువ్వు లెక్క చేశావా అని.

ఆ పిల్ల నన్ను అడగడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుందో అర్థమైంది.

జవాబు చెప్పడానికి ప్రయత్నించాను. హాల్లో అందరికీ ఇచ్చిన మాట, మీ ఓటు, రెండింటిలో ఒకటి తప్పాల్సి వచ్చింది, మీ ఓటును కాదన్నాను, మీ మాట తప్పినదాన్ని మీకు ప్రెసిడెంట్‌గా ఉండలేను అన్నాను. బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాను. మామూలు మెంబర్‌గా ఉంటానన్నాను. ఉండమన్నారు. జున్ కై ఇప్పుడు ప్రెసిడెంట్. బ్యాడ్జి తీసుకుని జేబులో వేసుకున్నాడు, పెట్టుకోలేదు.

అమ్మకు చెబితే ఏడుస్తుందనుకున్నాను. "ఆకలైతుందా?" అంది.

ఆగస్టు 8, శుక్రవారం

స్కూల్లో నేషనల్ డే వేడుక. అందరం జెండా రంగులు, ఎరుపూ తెలుపూ వేసుకున్నాం. జున్ కై ప్రెసిడెంట్‌గా మాట్లాడాడు. వాడు మాట్లాడిన ప్రతి మాటా వెనక స్క్రీన్ మీద కనిపించింది. పాటలు, పేర్లు, లక్కీ డ్రా నంబర్లు, "మీ నీళ్ల బాటిళ్లు మరచిపోకండి" అన్నది కూడా.

తర్వాత వాడిని అడిగాను. ఇకనుంచి ప్రతి అసెంబ్లీకీ అంతేనట, కౌన్సిల్‌లో పాస్ చేయించాడట. "నా యాక్సెంట్ కూడా ఎవరికీ అర్థం కాదు లా" అని వెళ్లిపోయాడు. వాడి యాక్సెంట్‌లో ఏ లోపమూ లేదు.

ఆగస్టు 13, బుధవారం

మిసెస్ చువా మూడు క్లబ్బులనూ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఈ రోజు నిర్ణయం చెప్పారు.

చెస్ వాళ్లు లైబ్రరీ క్లబ్బులో కలుస్తారు, అది వాళ్లు అడిగిందే. పాటరీ ఆర్ట్ క్లబ్బులో కలుస్తుంది. సైన్ లాంగ్వేజ్ మూసేయరు, కానీ అధికారిక క్లబ్బుగా ఉండదు. ఇంట్రెస్ట్ గ్రూప్. ఒక ఏడాది చూస్తారు. అంటే పాయింట్లు రావు. జూనియర్ కాలేజీ సీటుకు ఆ పాయింట్లు పనికొస్తాయి కాబట్టి చాలామంది వేరే క్లబ్బులకు వెళ్లక తప్పదు. పైగా గదిలో కూర్చోవడానికి ఒక టీచర్ తనంతట తాను ముందుకు రావాలి.

గెలిచామో ఓడామో అర్థం కాలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీటులో బ్యాగు పెట్టాను, ఎవరూ కూర్చోకుండా. ఇన్నాళ్లూ అది ఖాళీగానే ఉంది. ఈ రోజు ఎవరో బ్యాగు తీసి నా ఒళ్లో పెట్టి కూర్చున్నారు.

"ముగ్గురమే మిగిలినం" అంది నిదా, ఎదురుగా చూస్తూ.

"నలుగురు. నాకు కౌన్సిల్ పాయింట్లున్నయి."

"నీకు ఒక్క సైన్ రాదు."

"నేర్పు."

రెండు స్టాపులు దాటాక, "నాకు చెప్పాల్సుండె, భువనా" అంది.

"అవును. చెప్పాల్సుండె."

అంతే. మా స్టాప్‌లో ఇద్దరం కలిసే దిగాం.

ఆగస్టు 20, బుధవారం

గది తాళం వేసి ఉంది. ఏ టీచరూ పేరు ఇవ్వలేదు. నలుగురం కారిడార్‌లో బ్యాగుల మీద కూర్చున్నాం. జియా హుయి అక్కడే నాకు వేళ్లతో అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. నా వేళ్లు కర్రల్లా ఉన్నాయంది. అంటే, అలా చూపించింది.

చెప్పుల చప్పుడు వినిపించి మేం ముగ్గురం తలెత్తాం. మేం తలెత్తడం చూసి జియా హుయి ఎత్తింది. మిసెస్ చువా. ఒక చేతిలో తాళాలు, ఇంకో చేతిలో దిద్దాల్సిన పేపర్ల కట్ట. పేపర్లు ఎక్కడైనా దిద్దొచ్చు, మిమ్మల్ని నేను పట్టించుకోను, మీరూ నన్ను పట్టించుకోవద్దు అన్నారు.

వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. కాసేపు నిజంగానే దిద్దారు. తర్వాత ఎర్ర పెన్ను ఆగిపోయింది. వెళ్లేటప్పుడు జియా హుయికి చేత్తో థాంక్యూ చెప్పబోయి ఇంకేదో చెప్పారట. జియా హుయి నవ్వాపుకోలేక బల్ల మీద వాలిపోయింది. ఏం చెప్పానని ఆవిడ అడుగుతుంటే నిదా ఎంతకీ చెప్పలేదు. ఆవిడ మాత్రం వదలలేదు, సరిగ్గా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించుకున్నారు.

ఆగస్టు 27, బుధవారం

గదిలో ఐదుగురం. ఐదో వ్యక్తి మొన్న మీటింగ్‌లో లేచి నన్ను నిలదీసిన సెకండరీ టూ పిల్ల. నాతో మాట్లాడలేదు. జియా హుయి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

సెప్టెంబర్ 3, బుధవారం

ఈ రోజు నాకు సైన్ పేరు పెట్టారు.

వినపడేవాళ్లు తమకు తాము పెట్టుకోకూడదట. వినపడనివాళ్లే పెట్టాలి, వాళ్లకు పెట్టాలనిపించినప్పుడు. జియా హుయి నన్ను నిలబెట్టి, చాలాసేపు చూసి, పెట్టింది. ఒక్క చేత్తో చేసే చిన్న పేరు. ఇక్కడ రాద్దామని కూర్చున్నాను. ఏ అక్షరాల్లోనూ రావడం లేదు.

ఇంటికొచ్చి అమ్మకు చూపించాను. అమ్మ గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ పేరుతో నన్ను పిలిచింది.

పలికాను.